మార్వెన్‌స్టో రొట్టె, డోర్నకల్ వడ్లు

కోత పండుగ నాటి పల్లె చర్చి ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వరి కోతలు ముగిశాక ఒక ఆదివారం గుమ్మానికి కంకుల గుత్తులు వేలాడతాయి. ఆల్టరు ముందు వడ్ల బస్తా, దాని మీద మినుముల మూట, పక్కన గుమ్మడికాయలు, అరటి గెల, పళ్లెంలో కోడిగుడ్లు ఉంటాయి. కాళ్లు కట్టేసిన పుంజు ఒకటి ప్రసంగంలో సరిగ్గా పేతురు పేరు వచ్చినప్పుడే కూస్తుంది. పిల్లలు నవ్వు ఆపుకోలేరు, పాస్టరమ్మ గారు కళ్లెర్రజేస్తారు. ఆరాధన అయ్యాక వేలంపాట, ఆపైన ప్రేమవిందు.

ఇది మోషే నాటి పండుగేనని మనవాళ్ల నమ్మకం. ప్రథమ ఫలాల ఆజ్ఞ అంత పాతదే, సందేహం లేదు. అయితే పంటను గుళ్లోకి తెచ్చి పేర్చి, ఆదివారం ఆరాధనలో కృతజ్ఞత చెప్పుకునే ఈ పద్ధతికి ఇంకా దగ్గరి పూర్వీకుడు ఒకడున్నాడు. ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో అట్లాంటిక్ కొండచరియల మీద మార్వెన్‌స్టో అనే చిన్న ఊరు ఉంది. అక్కడి వికారు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ వేషంలోనూ పద్ధతిలోనూ వింత మనిషి. అంగీ కింద జాలరి స్వెట్టరు, మోకాళ్ల దాకా సముద్రపు బూట్లు తొడిగేవాడు. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల శవాలను ఏరి తెచ్చి చర్చి ఆవరణలో మర్యాదగా పాతిపెట్టేవాడు. 1843లో ఆయన తన పారిష్‌ జనాన్ని పిలిచి, అక్టోబరు మొదటి ఆదివారం కొత్త గోధుమతో చేసిన రొట్టెతోనే ప్రభు సంస్కారం తీసుకుందాం రమ్మన్నాడు. ఇప్పటి కోత పండుగకు అదే మొదలని చెప్పుకుంటారు. విక్టోరియా రాణి కాలం ముగిసేలోగా అది ఇంగ్లండు పల్లెలన్నిటా ఏటేటా జరిగే పండుగైంది.

అక్కడి నుంచి ఆంగ్లికన్ మిషన్ల వెంట ఓడెక్కి మన దాకా వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. పుట్టుక తిరునెల్వేలి సీమలో, కొలువు మన నిజాం రాజ్యంలో. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. సంఘం విదేశీ డబ్బు మీద కాక సభ్యుల కానుకల మీదే నిలబడాలని ఆయన పట్టు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. అలాంటి మనిషి చేతికి కోత పండుగ చిక్కితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఆరాధన క్రమం దాదాపు అదే, కంకులు కట్టే తీరూ అదే. మారింది ఇచ్చేవాడు.

ఈ మార్పు తెలియాలంటే హాకర్ కంటే వెనక్కి, జేమ్స్ వుడ్‌ఫర్డ్ దాకా వెళ్లాలి. నార్ఫోక్‌లోని వెస్టన్ లాంగ్‌విల్ గ్రామానికి 1776 నుంచి చనిపోయేదాకా ఆయనే పాదిరి. ఆయన డైరీ ప్రపంచంలోని గొప్ప డైరీల్లో ఒకటి. అందులో దేవుడి కంటే భోజనం ఎక్కువగా కనిపిస్తుందని విమర్శకులు వెక్కిరిస్తారు, నాకు మాత్రం అదే నచ్చుతుంది. ఏటా డిసెంబరు మొదట్లో రైతులు తమ దశమభాగం చెల్లించడానికి ఆయన ఇంటికి వస్తారు. ఆ రోజు పాదిరిగారు వాళ్లకు విందు చేస్తాడు: కాల్చిన గొడ్డుమాంసం, ఉడికించిన గొర్రె తొడ, ప్లమ్ పుడ్డింగులు, పంచ్, వైను, ఘాటైన బీరు. ఎవరెవరొచ్చారో, ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయో, ఎవరు తూలుతూ ఇంటికెళ్లారో అన్నీ రాసి పెడతాడు. ఇది పండుగే, సందేహం లేదు. కానీ చట్టం ప్రకారం రావలసిన శిస్తుకు అంటిన పండుగ. 1836 నాటి చట్టం దశమభాగాన్ని నగదు అద్దెగా మార్చేసింది. పాదిరి కొట్టంలోకి ధాన్యం తోలే పద్ధతి అంతరించింది. పంటకూ గుడికీ మధ్య ఉన్న ఈ ముతక బంధం తెగిన ఏడేళ్లకే హాకర్ పండుగ పుట్టడం కాకతాళీయమో కాదో నేను చెప్పలేను. శిస్తు పోయిన చోట కానుక వచ్చి కూర్చుందన్నది మాత్రం కంటికి కనిపిస్తున్న సంగతే.

ఇక్కడి సంగతి తలకిందులు. మన పల్లె కూలీ దశమభాగం ఎవరికీ కట్టలేదు. కట్టడానికి అతనికి పొలం ఉంటే గదా. అతను కళ్లం దగ్గర చేయి చాచినవాడు. నూర్పిళ్లప్పుడు చాకలికి, మంగలికి, వడ్రంగికి కొలిచినట్టే వెట్టి మాదిగకూ మేర కొలిచేవాళ్లు. ఆసామి చేతిలో కుంచం, అతని చేతుల్లో పరిచిన తువ్వాలు. ఎన్ని గింజలు పడతాయన్నది ఆసామి మనసు, ఆనాటి వాన, మధ్యలో మాట్లాడే కామందు నోరు నిర్ణయించేవి. అలాంటివాడు కోత పండుగ ఆదివారం అదే వడ్లను అదే తువ్వాల్లో మూటగట్టి, నెత్తిన పెట్టుకుని, పాట పాడుతూ నలుగురి ముందు నడిచి వచ్చి గుళ్లో పెట్టాడు. తరతరాలుగా పుచ్చుకున్న చేయి మొదటిసారి పైనుంచి కిందికి వంగింది. మార్వెన్‌స్టోలో పండుగ భూమి కలవాడి కృతజ్ఞత కాగా, డోర్నకల్ సీమలో అది భూమి లేనివాడి దానం. వేదాంతం ఒకటే కావచ్చు, రెండింటి బరువు ఒకటి కాదు.

ఇంగ్లండు పల్లెను మరీ సుఖంగా ఊహించుకోవడం కూడా తప్పే. వారిక్‌షైర్‌లోని బార్ఫర్డ్‌లో పుట్టిన జోసెఫ్ ఆర్చ్ కూలివాడి కొడుకు. 1872లో వ్యవసాయ కూలీల సంఘాన్ని నిలబెట్టి తరువాత పార్లమెంటుకు వెళ్లాడు. చిన్నప్పుడు చర్చి తలుపు తాళపు కన్నంలోంచి ప్రభు సంస్కారం చూశానని ఆత్మకథలో రాశాడు. ముందు భూస్వామి ఒక్కడే లేచి వెళ్లాడట; ఆ వెనక రైతులు, తరువాత దుకాణాలవాళ్లు, కమ్మరి, వడ్రంగి; అందరి కంటే చివర పని చొక్కాల్లో ఉన్న కూలీలు, వాళ్లలో తన తండ్రి. ఆ పిల్లవాడు ఆ రోజే జీవితాంతం మిగిలే నిర్ణయం ఒకటి చేసుకున్నాడు: ఆ బల్ల దగ్గరికి తాను పోడు. బంతిలో ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరు గుమ్మం దగ్గర నిలబడతారన్న చదువు తెలుగు పాఠకుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు గనుక ఈ ఘట్టం చదివితే ఇంగ్లండు మనకు ఒక్కసారిగా దగ్గరవుతుంది.

అలాగే మన చర్చినీ మరీ సమానత్వపు గుడిగా పొగడకూడదు. మాల చర్చి, మాదిగ చర్చి అని రెండు గోడల మధ్య ఒకే దేవుణ్ని కొలిచే ఊళ్లు ఉన్నాయి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ చదివినవాళ్లకు మతం మారిన తరాలు మోసిన బరువు తెలుసు. వినుకొండ కవి జాషువా పురాణాలు చదివాడన్న నేరానికి సొంత సంఘమే ఆయన్ను దూరం పెట్టిన కథా తెలిసిందే. అక్కడ వరస కుర్చీల్లో కనిపించేది, ఇక్కడ వీధుల్లో కనిపిస్తుంది. చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నాక లోపల మాత్రం ఎవరి ముందూ ఎవరూ లేరు. అది చిన్న విషయం కాదు.

పాట దగ్గరికి వస్తే రెండు ఊళ్లూ ఇంకా దగ్గరవుతాయి. థామస్ హార్డీ 1872లో రాసిన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’ నవలలో మెల్‌స్టాక్ చర్చి వాద్యబృందం ఉంది. ఫిడేళ్లు వాయించే ఊరి చేతిపనివాళ్లు క్రిస్మస్ ముందు రాత్రి లాంతర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడతారు. కొత్త వికారు వస్తాడు, ఆర్గన్ పెట్టిస్తాడు, బడి పంతులమ్మ వాయిస్తుంది, బృందం ఇంటికి పోతుంది. హార్డీ తండ్రీ తాతా స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో అలా వాయించినవాళ్లే, కాబట్టి ఆ నవ్వుల నవల అడుగున ఇంటి దుఃఖం ఉంది. నష్టం రాగానికి కాదు, ఆర్గన్ స్వరం శుభ్రంగానే ఉంటుంది. అరడజను మందికి ఆదివారం పని ఉండేది, అది పోయింది.

మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు ఇంగ్లీషు మెట్లను మొక్కుబడిగా అనుసరించకుండా మన కీర్తనల బాణీలో రాయడం వల్ల చదువురాని అవ్వ కూడా పుస్తకం లేకుండా పది చరణాలు పాడుతుంది. హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు, తాళాలు ఇద్దరు, అందుకునేవాళ్లు అందరూ. ఇప్పుడు కీబోర్డు వచ్చింది. రిథమ్ మీట నొక్కితే డోలక్, తబలా, తాళాలు అన్నీ అందులోనే మోగుతాయి. మెల్‌స్టాక్ కథ మన కళ్ల ముందే మళ్లీ నడుస్తోంది, రాసే హార్డీ లేడంతే.

డప్పు సంగతి వేరు. మెల్‌స్టాక్ ఫిడేలును పైనుంచి వచ్చిన వికారు తీసేయగా, డప్పును వాయించేవాడే కింద పెట్టాడు. ఒంగోలు సీమలో మిషనరీ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం పొందిన మాదిగలు అమ్మవారి కొలుపుల్లో డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం వెట్టికి రాబోమన్నారు. ఊరి పెద్దలు మండిపడ్డారు. ఎందుకంటే డప్పు అప్పుడు కళ కాదు, పిలిస్తే పోవలసిన చాకిరీ. దాన్ని దించడమే వాళ్లకు స్వాతంత్ర్యం. ఇప్పుడు అదే డప్పు క్రిస్మస్ ఊరేగింపుల్లో తిరిగి వినిపిస్తోందంటే, వాయించాలా వద్దా అన్నది ఇవాళ వాయించేవాడి ఇష్టం కనుక. ఈ రాకపోకల్లో ఉన్న చరిత్ర ఇంగ్లండు ఫిడేలుకు లేదు.

గంటల గురించి ఒక మాట. ఇంగ్లండు చర్చి గోపురంలో ఆరేడు గంటలుంటాయి. మనిషికొక తాడు పట్టుకుని, రాగంతో పని లేకుండా, వరసలు మారుస్తూ లెక్క ప్రకారం మోగిస్తారు. ఆరు గంటలకు 720 వరసలు, ఏడింటికి 5,040. ఇదొక గణితం పిచ్చి, దీన్ని కనిపెట్టడం ఇంగ్లీషువాళ్లకే చెల్లింది. విశేషమేమంటే గంటలు మోగించేవాళ్లలో కొందరు ఆరాధన మొదలవగానే మెట్లు దిగి చక్కా పోతారు. మనకు ఒక్క గంటే; కొన్ని పల్లెల్లో అది వేలాడదీసిన రైలు పట్టా ముక్క. తెల్లవారుజామున నిద్ర లేపే పని ఇప్పుడు మైకుసెట్టు చేస్తోంది, గంట మోగించేవాడు మాత్రం ఆరాధనకు ఉండి తీరతాడు.

వేసవి తిరునాళ్ల వంటి ఇంగ్లీషు ఫేట్‌కు, మన సెమీ క్రిస్మస్‌కు పెద్ద పోలిక లేదు. ఒకటి వికారు తోటలో కొబ్బరికాయలను బంతితో పడగొట్టే ఆట, లాటరీ చీట్లు, కేకుల బల్ల, చర్చి కప్పు బాగుచేయడానికి నిధి. రెండోది స్టేజీ, ముఖ్య అతిథి, శాలువా, కేకు, తరువాత బిర్యానీ. ఎన్నికల ఏడాదైతే ముఖ్య అతిథులు ఎక్కువవుతారు. ఫేట్ ఊరిని చర్చి ఆవరణలోకి రప్పించే ఉపాయమైతే, సెమీ క్రిస్మస్ చర్చిని ఊరి మధ్యకు తీసుకెళ్లే సాహసం. అంతకుమించి చెప్పడానికి లేదు.

ఆడవాళ్ల దగ్గర మాత్రం ఆగాలి. 1876లో హాంప్‌షైర్‌లోని ఓల్డ్ ఆల్‌రెస్ఫర్డ్ అనే పల్లె పారిష్‌లో పాదిరి భార్య మేరీ సమ్నర్ తల్లుల సంఘం మొదలుపెట్టింది. తొలి సమావేశంలో అందరి ముందూ మాట్లాడవలసి వచ్చేసరికి ఆమెకు నోరు పెగల్లేదని, మరో వారం రమ్మని పంపేసిందని చెబుతారు. అదే మదర్స్ యూనియన్‌గా దేశదేశాలకు పాకింది. మన వైపు లూథరన్లకూ బాప్టిస్టులకూ స్త్రీల సమాజాలున్నాయి. వాళ్ల ఆర్థిక విధానం ఏ బ్యాంకూ కనిపెట్టనిది: రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం ఆ డబ్బా గుళ్లో వంచడం. ఇంటి యజమాని అనుమతి అక్కర్లేని కానుక అది. అక్కడ పూల అలంకరణకు పేర్ల పట్టిక చర్చి వరండాలో అంటించి ఉంటుంది. ఈ వారం ఎవరు, వచ్చే వారం ఎవరు అని. ఇక్కడ పట్టిక లేదు, వరస అందరికీ నోటికి వచ్చు. ఒకరి వారాన్ని ఇంకొకరు లాక్కుంటే రెండు చోట్లా గొడవే. మొత్తం మీద రెండు పారిష్‌లనూ నడిపేది ఆడవాళ్లు, ఫొటోలో మధ్యన నిలబడేది మగవాళ్లు.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది పేర్ల పుస్తకం. ఇంగ్లండులో పారిష్ అంటే నేల. ఆ హద్దుల్లో కాపురమున్నవాడు గుడి మొహం చూడకపోయినా, బాప్తిస్మం లేకపోయినా ఆ చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు కలవాడే. జనమంతా లెక్కలో ఉంటారు, ఆదివారం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ జనానికి లోపల చోటు చాలక బయట షామియానా వేస్తారు, కానీ లెక్కలో పేర్లు తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం మనిషి క్రైస్తవుణ్నని రాయిస్తే ఆ హోదా పోతుంది. అతనికి మిగిలేది బీసీ-సీ. అందుకే ప్రతి వారం గుళ్లో మోకరించేవాడి సర్టిఫికెట్‌లో హిందువు అని ఉంటుంది. అక్కడ కాగితం మీద ఉండి గుళ్లో లేనివాడు, ఇక్కడ గుళ్లో ఉండి కాగితం మీద లేనివాడు. వీళ్లిద్దరికీ కోత పండుగ ఒక్కటే కలిసొచ్చే రోజు. ఏడాదంతా రాని ఇంగ్లీషువాడు ఆ రోజు పిల్లల చేతికి ఆహారపు టిన్నులిచ్చి తీసుకొస్తాడు. మనవాడు ఆ రోజు పేరు అడగని దేవుడి ముందు పేరు పెట్టి పిలిపించుకుంటాడు, అదీ వేలంపాటలో.

వేలం రెండు చోట్లా ఉంది. ఈ పోలికను ఎవరూ ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు. ఇంగ్లీషు పల్లెలో కోత పండుగ విందు అయ్యాక హాలులో మిగిలిన కూరగాయలు పాడతారు. బేకరీవాడు గోధుమ మోపు ఆకారంలో కాల్చిన పెద్ద రొట్టె ఉంటుంది; కంకులన్నీ విడివిడిగా కత్తిరించి, మధ్యలో దారం కట్టు, దాని మీదికి పాకుతున్న పిండి ఎలుక. ఆ ఎలుక లేకపోతే రొట్టె కాదు. ఎవరి తోటలోనో విరగకాసిన, సొరకాయలాంటి మారో కాయను ఎవరూ తినరు, అయినా నవ్వులాటకు నాలుగు పౌన్లు పాడతారు. ఎవరూ హెచ్చు పాడి గొప్ప చూపించుకోరు. అలా చూపించుకోవడం అక్కడ మర్యాద కాదు.

మన దగ్గర గొప్ప చూపించుకోకపోవడమే మర్యాద కాదు. ఒక నిమ్మకాయ వంద రూపాయల దగ్గర మొదలై, అన్నదమ్ముల పంతం మీద వేలు దాటుతుంది. వినాయకుడి లడ్డూ వేలం ఎరిగినవాళ్లకు ఈ ఊపు కొత్త కాదు. 1994లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డూ ఇప్పుడెక్కడుందో లోకానికి తెలుసు. వేలం వేసేది సంఘపెద్ద. “ఒకటోసారి... రెండోసారి...” అని సాగదీస్తూ హైదరాబాదులో ఉన్న కొడుకు పేరు, కువైట్‌లో ఉన్న కూతురు పేరు ఎత్తి రెచ్చగొడతాడు. వెనక ఎవరో సెల్లు చెవికి పెట్టుకుని వాళ్ల పాట ఇక్కడ వినిపిస్తారు. కొన్న గుమ్మడికాయను గెలిచినవాడు మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు, అది రెండోసారి వేలానికి వస్తుంది. కూలీ చేతుల మీదుగా వచ్చిన వడ్లు ఈ రోజుల్లో తక్కువే, కోత మిషను వచ్చాక కళ్లమే లేదు. కవర్లలో నోట్లు ఎక్కువయ్యాయి. అక్కడా గోధుమ కంకుల బదులు చిక్కుడుగింజల టిన్నులు, పాస్తా పొట్లాలు వస్తున్నాయి. అవి మర్నాడు ఫుడ్‌బ్యాంకుకు పోతాయి. కోత కోయనివాళ్లు చేసుకునే కోత పండుగలే ఇప్పుడు రెండూ.

ఒక తేడా మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ఇంగ్లీషు హాలులో పాడినవాడు అక్కడికక్కడే కార్డు గీకి బాకీ తీర్చి కాయ చంకన పెట్టుకుని వెళతాడు. మన వేలం బాకీలు పంట నుంచి పంటకు నడుస్తాయి. కోశాధికారి నోటుపుస్తకంలో పేరు, వస్తువు, పాట, జమ అని నాలుగు గళ్లుంటాయి. నాలుగో గడి చాలా పేర్ల దగ్గర తెల్లగా ఉంటుంది. మరుసటి ఏడు వేలం మొదలయ్యే ముందు ఆ పేర్లు మైకులో చదువుతారు. పేరు వినపడ్డవాడు తల వంచుకోడు సరికదా, ‘రాసుకో, ఈ ఏడు కూడా పాడతా’ అంటాడు.